ఫిజిక్స్ టీచర్ కావాలంటే: కాంబినేషన్ నుంచి డీఎస్సీ దాకా

మన ప్రభుత్వ హైస్కూళ్లలో ఫిజిక్స్ టీచర్ అనే పోస్టు లేదు. ఉన్నది స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఫిజిక్స్ ఎంత చెప్తారో కెమిస్ట్రీ కూడా అంతే చెప్పాలి. ఓమ్ నియమం ముగించిన మర్నాడే ఆమ్లాలు, క్షారాలు మొదలుపెట్టాల్సి రావచ్చు. ఆరు, ఏడు తరగతుల సైన్స్‌లో వాటా పడిందంటే మొక్కల పోషణ, జీర్ణవ్యవస్థ కూడా వాళ్ల నెత్తినే. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక, ఇంటర్ అయిన కొత్తలో తీసుకున్న నిర్ణయంతో అర్హత పోగొట్టుకున్నవాళ్లు ప్రతి డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్‌కీ తేలుతూనే ఉంటారు.

దారి చెప్పుకోవడానికి సులువే. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీఎస్సీ, ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీఈడీ, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష, చివర డీఎస్సీ. చిక్కంతా ఈ మెట్ల మధ్య ఉన్న సందుల్లోనే. ఒక మెట్టు మీద అడిగేదానికీ పై మెట్టు మీద అడిగేదానికీ పొంతన ఉండదు. ఈ మెట్లన్నీ కలిపి అడిగేదానికీ, రేపు నలభైమంది పిల్లల ముందు నిలబడ్డాక కావాల్సినదానికీ పొంతన ఇంకా తక్కువ.

కాంబినేషన్ దగ్గరే సగం తేలిపోతుంది

ఫిజికల్ సైన్స్ పోస్టుకు డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఉండాలి. రెండూ ఆప్షనల్ సబ్జెక్టులుగానైనా ఉండాలి, లేదా ఒకటి ఆప్షనల్, రెండోది అనుబంధ సబ్జెక్టుగానైనా ఉండాలి. కాబట్టి పాత లెక్కలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇబ్బంది లేదు. కెమిస్ట్రీ స్థానంలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న ఎంపీసీఎస్ వాళ్లకూ, ఎలక్ట్రానిక్స్ తీసుకున్న ఎంపీఈ వాళ్లకూ ఇక్కడ తలుపు మూసుకుంటుంది. ఫిజిక్స్‌లో తొంభై శాతం తెచ్చుకున్నా సరే. వాళ్లకు మిగిలేది మ్యాథ్స్ పోస్టు. ఇందులో అన్యాయం ఏమీ లేదు, సగం సిలబస్ కెమిస్ట్రీ అయినప్పుడు కెమిస్ట్రీ చదివి ఉండాలనడం సబబే. కానీ డిగ్రీ కాలేజీల్లో అడ్మిషన్ల వేళ ఈ మాట చెప్పే నాథుడు ఉండడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందని కంప్యూటర్ కాంబినేషన్‌లో చేర్చి, మూడేళ్ల తర్వాత 'పోనీ టీచర్‌గా అయినా వెళ్దాం' అనుకునేసరికి సంగతి తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి వచ్చిన, ఒకటే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతితో ఈ జాగ్రత్త ఇంకా అవసరమైంది. ఇదివరకు మూడు ఆప్షనల్స్ సమానంగా ఉండేవి కాబట్టి కాంబినేషన్ పేరు చూస్తేనే అర్హత తెలిసిపోయేది. మేజర్ ఫిజిక్స్ అయితే మైనర్ ఏమిటన్నది ఇప్పుడు మీరే చూసుకోవాలి. టీచర్ కావాలన్న ఆలోచన ఏ మూలన ఉన్నా, మైనర్‌గా కెమిస్ట్రీ పెట్టుకోవడం క్షేమం. 'తర్వాత చూసుకుందాం' అనుకుంటే తర్వాత చూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో వింత. కేంద్రీయ విద్యాలయాల 2022 నోటిఫికేషన్‌లో టీజీటీ (హైస్కూల్ స్థాయి టీచర్) సైన్స్ పోస్టుకు అడిగింది బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. అంటే ఎనిమిది, తొమ్మిది తరగతులకు కాంతి, బలం, ధ్వని కూడా చెప్పాల్సిన సైన్స్ టీచర్ డిగ్రీలో ఫిజిక్స్ చదివి ఉండనక్కర్లేదు. ఫిజిక్స్ చదివిన ఎంపీసీ పట్టభద్రులు అక్కడ మ్యాథ్స్ టీజీటీకి వెళ్లాలి, లేదా ఎమ్మెస్సీ, బీఈడీ రెండూ చేసి పదకొండు, పన్నెండు తరగతులు చెప్పే పీజీటీ ఫిజిక్స్‌కు వెళ్లాలి. రాష్ట్రం ఒకలా, కేంద్రం ఇంకోలా అడుగుతాయి. ఈ రెండింటిలో ఏది మీ గురి అన్నది డిగ్రీ మొదటి ఏడాదిలోనే కొంతైనా తేల్చుకోవాలి.

పరీక్షలు అడిగేది ఎంత?

తెలంగాణ ఎడ్‌సెట్ మొత్తం 150 మార్కులు. అందులో పదో తరగతి స్థాయి సబ్జెక్టులకు 60. ఆ అరవైలో ఫిజికల్ సైన్స్‌కు 10. మిగతాది మ్యాథ్స్, బయాలజీ, సోషల్, ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, కంప్యూటర్ పరిజ్ఞానం, బోధనాభిరుచి. ఏపీ ఎడ్‌సెట్ ఈ విషయంలో నయం, ఫిజికల్ సైన్స్ అభ్యర్థికి ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50 మార్కులకు ఉంటాయి.

టెట్ సంగతి ఇంకా విచిత్రం. రెండో పేపర్‌లో 150 ప్రశ్నలుంటే శిశువికాసం, మొదటి భాష, ఇంగ్లిష్ తలా ముప్పై లాగేసుకుంటాయి. మిగిలిన అరవైలో సగం మ్యాథ్స్. సైన్స్‌కు వచ్చిన ముప్పైలో ఫిజికల్ సైన్స్ 12, బయాలజీ 12, బోధనా పద్ధతులు 6. ఆ పన్నెండులోనూ కెమిస్ట్రీ వాటా ఉంది. అంటే రేపు ఫిజిక్స్ చెప్పబోయే మనిషిని ఫిజిక్స్‌లో గట్టిగా అరడజను ప్రశ్నలు అడిగి వదిలేస్తారు. టెట్ పాస్ కావడానికి జనరల్ అభ్యర్థికి 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు కావాలి. ఫిజికల్ సైన్స్ పన్నెండుకు పన్నెండూ వదిలేసినవాళ్లు కూడా మిగతా సబ్జెక్టులతో గట్టెక్కొచ్చన్నమాట. పైగా టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తారు. తెలుగు వ్యాకరణం, బయాలజీ ముక్కున పట్టుకుని ఏళ్లు గడిచిపోతాయి.

డీఎస్సీకి వచ్చేసరికి సబ్జెక్టుకు కాస్త గౌరవం దక్కుతుంది. 2024 తెలంగాణ డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పరీక్ష 80 మార్కులు, 160 ప్రశ్నలు. ఇందులో సబ్జెక్టు కంటెంట్ 44, బోధనా పద్ధతులు 16, విద్యా దృక్పథాలు 10, జీకే 10. ప్రశ్నకు అర మార్కు. సగం మార్కు తేడాలో జిల్లా పోస్టు పోయినవాళ్లు ఉంటారు కాబట్టి కోచింగ్ సెంటర్లు బిట్లు బిట్లుగా నూరిపోస్తాయి. వాళ్లను తప్పుపట్టలేం. పరీక్ష ఏది అడిగితే వాళ్లు అదే చెప్తారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ మొత్తం దారిలో 'నువ్వు ఫిజిక్స్‌ను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలవా' అని నిజంగా పరీక్షించే చోటు ఎక్కడా లేదు. డిగ్రీ ఫిజిక్స్ అడుగుతుంది గానీ పిల్లల సంగతి అడగదు. బీఈడీ పిల్లల సంగతి అడుగుతుంది గానీ ఫిజిక్స్‌ను పట్టించుకోదు. ఈ రెండూ కలిసే చోటును అభ్యర్థి తనంతట తానే ఏర్పాటు చేసుకోవాలి. అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ కలిసే చోటునే 'పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్' అనే ప్రత్యేక జ్ఞానంగా గుర్తించాడు. విషయం తెలియడం ఒకటి, బోధన తెలియడం ఇంకొకటి, ఫలానా విషయాన్ని ఫలానా పిల్లలకు ఎలా చెప్పాలో తెలియడం మూడోది. బీఈడీ పుస్తకాల్లో ఆ పేరు నిర్వచనంగా వస్తుంది, బిట్‌గా పరీక్షకు వస్తుంది, అక్కడితో సరి.

డిగ్రీ మూడేళ్లలో ఏం చేసుకోవాలి?

బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. పైకంటా వెళ్లి ఒక్క క్షణం ఆగిన చోట దాని త్వరణం ఎంత? 'సున్నా' అనేవాళ్లు తొమ్మిదో తరగతిలోనే కాదు, బీఎస్సీ పట్టా చేతబట్టినవాళ్లలోనూ ఉంటారు. వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అనుకుంటారు. నిజంగానే అక్కడ త్వరణం సున్నా అయితే బంతి మళ్లీ కిందికి రావాల్సిన పనేముంది, అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి. చలన సమీకరణాలతో పెద్ద పెద్ద లెక్కలు చేయగలిగిన బుర్రలోనే ఈ పొరపాటు కూడా హాయిగా కాపురం చేస్తుంది. ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనెస్ అనే ఇద్దరు 1985లో ఇలాంటి ప్రశ్నలతోనే ఒక పరీక్ష తయారుచేశారు. అదే 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీగా మారింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ అలాంటి ప్రశ్నలు తన విద్యార్థులకు ఇస్తే ఒకమ్మాయి లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నాకు మామూలుగా తోచినట్టు రాయాలా అని అడిగిందట. హార్వర్డ్ సంగతే అలా ఉంటే మన జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలను ఏమనగలం!

డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టాల్సిన పని ఇది. ప్రతి పాఠంలోనూ పిల్లలు ఎక్కడ తప్పుగా ఊహిస్తారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం. బరువైనది ముందు పడుతుందని, వరుసగా కలిపిన రెండు బల్బుల్లో మొదటిది కొంత కరెంటు 'తినేస్తుందని', కటకంలో సగం మూస్తే ప్రతిబింబంలో సగమే కనిపిస్తుందని అనుకుంటారు. ముందు మీ దగ్గర ఉన్న తప్పులు బయటపడతాయి. అదే మంచిది. క్వాంటం మెకానిక్స్‌లో పాసై, కటకం ప్రశ్న దగ్గర తడబడడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. డిగ్రీ సిలబస్ ఆ ప్రశ్న ఎప్పుడూ అడగదు, అంతే.

ఇక ల్యాబు. బీఎస్సీ ల్యాబ్‌లో సంయుక్త లోలకం, న్యూటన్ వలయాలు, సోనోమీటర్, క్యారీ ఫోస్టర్ బ్రిడ్జి అన్నీ చేస్తారు. సామాను అమర్చే ఉంటుంది, రికార్డు సీనియర్‌ది ఉంటుంది, వచ్చే విలువ ముందే తెలుసు. హైస్కూల్లో ఇవేవీ ఉండవు. అక్కడ ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు ఏళ్ల తరబడి చదివిన పదో తరగతి ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఓమ్ నియమానికి ఒక ప్రయోగం ఉంది. ఒక్కోటి 1.5 వోల్టుల సెల్స్ ఐదు, అమ్మీటర్, వోల్ట్‌మీటర్, 10 సెంటీమీటర్ల సన్నని ఇనుప చువ్వ. సెల్స్ ఒక్కొక్కటీ పెంచుతూ వోల్టేజీ, కరెంటు కొలిచి, వాటి నిష్పత్తి మారదని చూపించాలి. సైకిల్ చక్రం చువ్వ తీసుకుందాం, మందం సుమారు 2 మిల్లీమీటర్లు. ఇనుము విశిష్ట నిరోధం ఓమ్-మీటర్లలో దాదాపు కోటో వంతు. అడ్డుకోత వైశాల్యం మూడు చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. లెక్కేస్తే చువ్వ నిరోధం 0.003 ఓమ్ చుట్టుపక్కల తేలుతుంది. కలిపే తీగలు, కీ కొనల దగ్గర ఉండే నిరోధమే దీనికంటే ఎక్కువ. అంటే మనం కట్టింది సర్క్యూట్ కాదు, షార్ట్ సర్క్యూట్. అమ్మీటర్ ముల్లు చివరికంటా కొట్టుకుంటుంది, వోల్ట్‌మీటర్ ముల్లు సున్నా దగ్గరే మొరాయిస్తుంది, సెల్స్ వేడెక్కుతాయి. మూడు ఆంపియర్లు పోయినా చువ్వ కొనల మధ్య వచ్చేది 0.01 వోల్టు, బడి వోల్ట్‌మీటర్‌లో అది కనబడదు. 'సెల్స్ పాతవి' అని సర్దిచెప్పి, రీడింగులు బోర్డు మీద రాసేసి, గ్రాఫ్ గీయించేస్తారు. పిల్లలు ప్రయోగం అంటే ఇదే అనుకుంటారు.

చువ్వ బదులు నిక్రోమ్ తీగ పెడితే చాలు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే వెయ్యి వాట్ల హీటర్ కాయిల్ 230 వోల్టుల మీద పనిచేస్తుంది కాబట్టి దాని నిరోధం సుమారు 53 ఓమ్‌లు. అందులో ఐదో వంతు కత్తిరిస్తే పది ఓమ్‌ల పైచిలుకు. ఒక సెల్‌కు ఆంపియర్‌లో ఏడో వంతు కరెంటు, ఐదు సెల్స్‌కు ముప్పావు ఆంపియర్‌కు కాస్త తక్కువ. బడిలో ఉండే మీటర్లకు ఇది సరిగ్గా సరిపోతుంది, గ్రాఫ్ సరళరేఖగా వస్తుంది. ఆ తర్వాత కాయిల్ తీసి టార్చి బల్బు పెట్టండి. గ్రాఫ్ వంగిపోతుంది. ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది కనుక. 'సార్, నియమం తప్పా?' అని ఒక్క పిల్లవాడు అడిగినా ఆ పీరియడ్ సార్థకం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు అనే షరతు నియమంలో ఎందుకుందో అప్పుడు చెప్పొచ్చు.

ఇందులో డిగ్రీ స్థాయి ఫిజిక్స్ ఏమీ లేదు. విశిష్ట నిరోధం సూత్రం పదో తరగతిదే. కానీ ఈ లెక్క వేసుకోవాలని తోచడమే టీచర్‌కు కావాల్సిన చదువు. బీఎస్సీ ల్యాబ్‌లో అన్ని విలువలూ అమర్చిన నిరోధాల పెట్టె చేతికిస్తారు, అందుకే ఆ ఆలోచన ఎప్పుడూ రాదు. కాబట్టి మూడేళ్లలో ఆరు నుంచి పది దాకా పుస్తకాల్లోని ప్రయోగాలన్నీ ఇంట్లోనో హాస్టల్ గదిలోనో సెల్స్‌తో, అద్దం ముక్కలతో, కొవ్వొత్తితో ఒకసారి చేసి చూసుకోవాలి. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసి సైన్స్ చెప్పిన అరవింద్ గుప్తా పని ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. కంప్యూటర్ ఉన్న బడికి కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి. అయితే తెర మీద సర్క్యూట్ ఎప్పుడూ చెడిపోదు. చేతిలో సర్క్యూట్ చెడిపోయినప్పుడే కదా నేర్చుకునేది.

బీఈడీ రెండేళ్లు

ఒకప్పుడు బీఈడీ ఏడాది. టీచర్ల చదువుకు నిబంధనలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో 2015-16 నుంచి రెండేళ్లయింది. పెరిగిన ఏడాదికి అసలు కారణం ఇంటర్న్‌షిప్. నిబంధన ప్రకారం మొత్తం 20 వారాలు, అందులో 16 వారాలు రెండో ఏడాదిలో బడిలోనే గడపాలి. కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. ఆచరణలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. క్లాసుకు రానక్కర్లేదని చెప్పి సీట్లు నింపుకునే కాలేజీలున్నాయి, రికార్డులు రాసిపెట్టే షాపులున్నాయి. అలాంటి చోట చేరితే పట్టా వస్తుంది, మిగతాది ఏదీ రాదు. ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు అడగాల్సినవి రెండు. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడులకు పంపుతారు? ఫిజికల్ సైన్స్ మెథడాలజీకి నిజంగా ఆ సబ్జెక్టు చదివిన లెక్చరర్ ఉన్నారా?

సూక్ష్మ బోధన గురించి కాస్త చెప్పాలి, దాన్ని చాలామంది నాటకంలా తీసిపారేస్తారు కాబట్టి. ఆరు నిమిషాలు ఒకే నైపుణ్యం మీద పాఠం చెప్పాలి, తోటివాళ్లే విద్యార్థులు. తర్వాత ఆరు నిమిషాలు లోటుపాట్లు చెప్తారు. పన్నెండు నిమిషాల్లో పాఠాన్ని మళ్లీ అల్లుకుని ఆరు నిమిషాలు మళ్లీ చెప్పాలి, మళ్లీ ఆరు నిమిషాలు విమర్శ. మొత్తం 36 నిమిషాల చక్రం. నాటకమే, ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ల సహాధ్యాయి తెలిసిన జవాబే తెలియనట్టు నటిస్తుంటే నవ్వొస్తుంది. అయినా 'ప్రశ్న అడిగి ఎంతసేపు ఆగాను' అన్నది ఎవరైనా గడియారం పట్టి చూసి చెప్పే అవకాశం ఉద్యోగంలో చేరాక ఇక దొరకదు. మనలో చాలామందిమి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు కూడా మనమే చెప్పేస్తాం. స్నేహితులు మొహమాటపడకుండా ఆ మాట చెప్పగలిగితే నాటకం ఫలించినట్టే.

ఇంటర్న్‌షిప్‌లో బడివాళ్లు మీకు ఖాళీ పీరియడ్లు, మార్కుల నమోదు పని అప్పజెప్తారు. అది తప్పదు. దానితో పాటు ఒక యూనిట్‌ను మొదటి నుంచి చివరి దాకా మీరే చెప్పేలా అక్కడి ఫిజికల్ సైన్స్ టీచర్‌ను అడిగి ఒప్పించుకోండి. విడివిడి పాఠాలు ఇరవై చెప్పినదానికంటే 'విద్యుత్ ప్రవాహం' మొత్తం ఒక్కరే చెప్పి, స్లిప్ టెస్ట్ పెట్టి, పేపర్లు దిద్దితే ఎక్కువ తెలుస్తుంది. మరో సంగతి, ఇప్పుడు బడుల్లో ఇంగ్లిష్ మీడియం, ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసే పిల్లవాడికి విషయం తెలుగులోనే ఎక్కుతుంది. రెండు భాషల్లోనూ పాఠం నడపడం ఇక్కడే సాధన చేయాలి.

నాలుగేళ్ల దారి, మిగిలిన లెక్కలు

డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో ముగించే బీఎస్సీ-బీఈడీ కొత్తదేమీ కాదు. 1963లో మొదలైన మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది రాష్ట్రాల పిల్లలకు దశాబ్దాలుగా ఈ కోర్సు నడుపుతోంది. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీనే కనీస అర్హతగా చేయాలంది. ఆ ప్రకారం 2023-24లో ఈ సమీకృత కోర్సు ఐటీఈపీ పేరుతో ప్రయోగాత్మకంగా మొదలైంది, వరంగల్ ఎన్ఐటీ కూడా ఈ కోర్సు పెట్టింది. ప్రవేశం ఇంటర్ తర్వాత ఎన్‌సీఈటీ అనే జాతీయ పరీక్షతో. ఫిజిక్స్, బోధన మొదటి ఏడాది నుంచీ పక్కపక్కనే నడవడం దీనిలో ఉన్న లాభం, ఒక ఏడాది మిగలడం రెండోది. పదిహేడేళ్లకే టీచర్ కావాలని నిర్ణయించుకోగలిగినవాళ్లకు నా ఓటు దీనికే. సీట్లు తక్కువన్నదే బాధ. మరోవైపు పీజీ గానీ నాలుగేళ్ల డిగ్రీ గానీ ఉన్నవాళ్లకు ఏడాది బీఈడీ మళ్లీ తేవాలని 2025లో ఎన్‌సీటీఈ ముసాయిదా పెట్టింది. అంచేత ఇవాళ్టి నిబంధన ఐదేళ్ల తర్వాతా ఇలాగే ఉంటుందని ఎవరూ పూచీ పడలేరు.

పోస్టుల సంగతి. తెలంగాణలో 2017 తర్వాత డీఎస్సీ 2024లో వచ్చింది, మొత్తం 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లు 2,629, అదీ అన్ని సబ్జెక్టులూ కలిపి, జిల్లాలవారీగా. ఏపీలో 2018 తర్వాత 2025లో మెగా డీఎస్సీ, 16,347 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లు 7,725. రెండుచోట్లా ఏడేళ్ల విరామం. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో ఎక్కువ భాగం ఎస్జీటీల (ప్రాథమిక తరగతుల టీచర్ల) పదోన్నతులతోనే నిండుతుంది, నేరుగా తీసుకునేది మిగిలిన వాటా. ఇదివరకు 'పోనీ ఎస్జీటీగా అయినా చేరదాం' అనే వెసులుబాటు బీఈడీ వాళ్లకు కనిపించేది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని తేల్చేసింది. కాబట్టి బీఈడీ చేసినవాళ్లకు ఉన్నది హైస్కూల్ తలుపు ఒక్కటే, అది ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు.

అందుకే చాలామంది అడిగే 'ఎమ్మెస్సీ ముందా, బీఈడీ ముందా' అనే ప్రశ్నకు నా జవాబు ఇదీ. డీఎస్సీ నోటిఫికేషన్ దగ్గర్లో ఉన్నట్టు కనిపిస్తే బీఈడీ, టెట్ ముందు. ఇప్పుడే ఒక డీఎస్సీ ముగిసి ఉంటే ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముందు. దానితో జూనియర్ లెక్చరర్ పరీక్ష రాయొచ్చు, తర్వాత బీఈడీ చేరిస్తే గురుకులాల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీకి వెళ్లొచ్చు. ఈలోగా ప్రైవేటు బడిలో చెప్పేవాళ్లు జీతం సంగతి ఎలాగూ బేరమాడతారు. దానితో పాటు పదో తరగతి ఫిజిక్స్ భాగం తమకే ఇవ్వాలని, ల్యాబ్ తాళం తమ దగ్గరే ఉండాలని కూడా చేరేరోజే అడగాలి.